మామిడి పూతలో రెండొందల కిలోమీటర్లు

కాయ ఉన్నప్పుడు తొక్కలేం, తొక్కగలిగినప్పుడు కాయ ఉండదు. నూజివీడు మామిడి సీమను సైకిలు మీద చుట్టి రావాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. చిన్నరసాలు, బంగినపల్లి గంపలకెక్కే ఏప్రిల్, మే నెలల్లో చింతలపూడి రోడ్డు మీద పదకొండు గంటలకే తారు మెత్తబడుతుంది. ఆ ఎండలో రెండొందల కిలోమీటర్లు తొక్కుతానంటే ఇంట్లోవాళ్లే సైకిలు తాళం దాచేస్తారు. అందుకే దూరాలు తొక్కేవాళ్లకు రాజీ కుదిరే రోజులు కొన్నే: సంక్రాంతి వెళ్లిపోయి, శివరాత్రి ఇంకా రాని రోజులు. అప్పటికి కొమ్మల మీద ఉండేది పూత, మహా అయితే అక్కడక్కడా బఠాణీ గింజంత పిందె.

ఆ పూత వాసన కారు అద్దాలు ఎక్కించుకుని వెళ్లేవారికి దక్కదు. సైకిలు మీద వెళ్లేవారిని మాత్రం కిలోమీటర్ల తరబడి వదలదు. తెల్లవారుజాము తేమలో పలచగా, కాస్త తేనెలా, కాస్త జిగురు కాలినట్టు ఉంటుంది. దాని వెంటే ఇంకో వాసన కూడా ముక్కుకు తగులుతుంది. అది మందు. పూత మీద చేరి రసం పీల్చే తేనెమంచు పురుగు కోసం రైతులు స్ప్రేయర్లు భుజాన వేసుకునే రోజులు కూడా ఇవే. నోరు తెరిచి రొప్పుతూ వెళ్లేవారు ఆ తోట దాటేదాకా మూతికి రుమాలు కట్టుకోవడం మంచిది.

ఇక్కడ చెప్పబోయే దారి ఏ క్లబ్బూ ప్రకటించింది కాదు. ఈ సీమనంతా ఒక్క రోజులో చూడాలంటే పటం మీద వేలితో గీయదగ్గ గీత. నూజివీడులో బయలుదేరి చాట్రాయి మండలం మీదుగా చింతలపూడి. అక్కడ తూర్పుకు తిరిగి కామవరపుకోట వైపు, గుంటుపల్లి గుహలు, ద్వారకా తిరుమల, భీమడోలు. అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఏలూరు, హనుమాన్ జంక్షన్, తిరిగి నూజివీడు. మొత్తం రెండొందలకు కాస్త తక్కువ. లెక్క సరిపోవాలంటే తమ్మిలేరు జలాశయం దాకా ఓసారి వెళ్లి వస్తే చాలు. 2022 ఏప్రిల్ 4కు ముందు ఈ గీత కృష్ణాలో మొదలై పశ్చిమ గోదావరిలో తిరిగేది. ఇప్పుడు హనుమాన్ జంక్షన్ దగ్గర కాసేపు కృష్ణాలోకి తొంగిచూడటం తప్పిస్తే అంతా ఏలూరు జిల్లాయే.

రోమ్‌లో మొదలైన పగలు

ఇంతకీ రెండొందలే ఎందుకు? దానికో కథ ఉంది. 1897 జూన్ 12న కొందరు ఇటలీ సైకిలిస్టులు రోమ్ నుంచి నేపుల్స్‌కు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో తొక్కేశారు. గేర్లు లేని సైకిళ్లు, మట్టి రోడ్లు. జనం వాళ్లను సాహసులన్నారు. లాటిన్‌లో ఆ మాటే 'ఆడాక్స్'. 1903లో టూర్ డి ఫ్రాన్స్‌ను మొదలుపెట్టిన ఆన్రి దెగ్రాంజ్ మరుసటి ఏడాదే ఈ ముచ్చటను ఫ్రాన్స్‌కు తెచ్చి నిబంధనలు రాశాడు. గుంపంతా ఒకే వేగంతో వెళ్లాలి, ముందు కెప్టెన్ ఉంటాడు, అతన్ని దాటకూడదు. ఆ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది, గంటకు 22.5 కిలోమీటర్ల లెక్కన. 1904లోనే పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిజియన్ 1921లో దెగ్రాంజ్‌తో తెగదెంపులు చేసుకుని ఎవరి వేగం వారిదన్న కొత్త పద్ధతి పెట్టింది. ఈ రోజు ప్రపంచమంతా తొక్కుతున్న 'బ్రెవె'లు ఈ రెండో కొమ్మకు కాసినవే. బ్రెవె అంటే ఫ్రెంచిలో పట్టా.

నిబంధనలు పరీక్ష హాలంత కచ్చితం. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై, 400కు ఇరవై ఏడు, 600కు నలభై. దారిలో కొన్నిచోట్ల ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనక కారులో మనుషులొచ్చి నీళ్లందించడం కుదరదు. సైకిలు పాడైతే బాగు చేసుకోవలసింది తొక్కేవాడే. బహుమతి లేదు, మొదటి స్థానం లేదు. ఈ నాలుగు దూరాలూ ఒకే సీజన్‌లో పూర్తి చేసినవారిని సూపర్ రాండన్యూర్ అంటారు. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు ఈ నాలుగు మెట్లూ ఎక్కినవారే అర్హులు. 1891లో పందెంగా మొదలైనప్పుడు షార్ల్ టెరాం ఆ దూరాన్ని 71 గంటల్లో ముగించాడు. ఇప్పుడది పందెం కాదు కాబట్టి 90 గంటల దాకా గడువిస్తున్నారు.

మన దేశంలో పుణెకు చెందిన దివ్యా తాటే చొరవతో ఆడాక్స్ ఇండియా రాండన్యూర్స్ ఈ బ్రెవెలకు ఒక రూపం తెచ్చింది. దాని కింద పనిచేసే క్లబ్బుల్లో హైదరాబాద్ రాండన్యూర్స్ ఒకటి. 2019 పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు భారతదేశం నుంచి మూడు వందల మందికి పైగా వెళ్లారు. హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నగరాల ముచ్చట అలా ఉంది. మెట్ట ప్రాంతపు రోడ్డుకు పలకల నీడ ఉండదు, చింతచెట్టు నీడే. చింతలపూడికి ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పాలా?

ఐదున్నరకు నూజివీడు

తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరితే పదమూడున్నర గంటల గడువు సాయంత్రం ఏడింటికి ముగుస్తుంది. ఫిబ్రవరిలో సూర్యుడు ఆరున్నర దాటితే గానీ రాడు. పైగా పొగమంచు. ఊరు ఇంకా లేవదు. పనస దుంగలను తొలిచి వీణలు చేసే పనివాళ్ల ఊరు కూడా ఇదేనని గుర్తు చేసుకోవడానికి తప్ప ఆ చీకట్లో నూజివీడులో చూడగలిగేదేమీ లేదు. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, ఒంటి మీద వెలుగు పడితే మెరిసే జాకెట్. పది పన్నెండు మంది వరస కడితే దూరం నుంచి చూసేవాళ్లకు ఏదో ఊరేగింపనిపిస్తుంది.

గుంపులో తొక్కడం వేరే విద్య. ముందువాడి వెనక చక్రానికి మూరెడు దూరంలో మన ముందు చక్రం ఉండాలి. అప్పుడు గాలిని చీల్చే పని అతను చేస్తాడు, మనకు దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. పది నిమిషాలకు అతను పక్కకు తప్పుకుని వెనక్కు చేరతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. లాభం ఉన్నచోట ప్రమాదమూ ఉంది. ముందువాడి వీపు తప్ప రోడ్డు కనిపించదు. అందుకే మాట వెనక్కి పాకుతూ ఉండాలి. "గొయ్యి!", "ఇసక!", "కుక్క!", "వెనక లారీ!" ముందువాడు చెయ్యి కిందికి దించి వేలు చూపిస్తాడు, రెండోవాడు, మూడోవాడు అలాగే చూపిస్తారు. నాలుగోవాడు బద్ధకించాడంటే పడేది ఐదోవాడు.

డెల్టాలో సైకిలు నేర్చుకున్నవారికి మెట్ట ఒక కొత్త పాఠం. కాలవ గట్టు పక్క రోడ్డు బల్లపరుపుగా, బుద్ధిగా ఉంటుంది. చాట్రాయి దాటాక రోడ్డుకు ఆ బుద్ధి లేదు. దిగుడులో ఇచ్చినట్టే ఇచ్చి, మలుపు తిరగగానే ఎక్కుడులో వడ్డీతో లాక్కుంటుంది. పెద్ద కొండలేవీ ఉండవు. కానీ ఎర్రమట్టి నేల అలలు అలలుగా లేస్తూ పడుతూ ఉంటుంది. మొదటి యాభై కిలోమీటర్లలో ఎక్కుళ్ల మీద పౌరుషం చూపినవారిని నూటయాభయ్యో కిలోమీటరు దగ్గర చూడాలి!

తోటలూ మారుతూ వస్తాయి. మామిడి పలచబడి పామాయిల్ చిక్కబడుతుంది. దాని నీడన కోకో. పామాయిల్ గెలలు వేసుకున్న ట్రాక్టర్లు ఎదురొస్తాయి, రాలిన ఎర్రపండ్లు చక్రాల కింద నలిగి రోడ్డు మీద నూనె మరక వేస్తాయి. బ్రేకు వేయకూడని చోటు అదే. ఈ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఏలూరుకు దగ్గరలోని పెదవేగిలో 1995 నుంచి ఉంది. దేశంలో పామాయిల్ ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే అన్న సంగతి పుస్తకంలో చదవక్కర్లేదు, ఈ రోడ్డు మీద రెండు గంటలు తొక్కితే చాలు. జంగారెడ్డిగూడెం వైపు గాలి వీస్తే పొగాకు బ్యారన్ల వాసన కూడా కలుస్తుంది.

చింతలపూడి రాకముందే తమ్మిలేరు దాటాలి. సత్తుపల్లి దగ్గరి బేతుపల్లి చెరువు వైపు నుంచి ఈ ఏరు రాష్ట్రం మారి ఇటు వస్తుంది. నాగిరెడ్డిగూడెం దగ్గర జలాశయంలో ఆగి, ఏలూరులో రెండు పాయలుగా చీలి కొల్లేట్లో కలుస్తుంది. ఫిబ్రవరిలో ఏట్లో నీళ్లకంటే ఇసకే ఎక్కువ. గుంపు దీన్ని సాయంత్రం ఏలూరులో మళ్లీ దాటుతుంది. వాననాడు చింతలపూడి పైన కురిస్తే ఏలూరు ఎందుకు ఉలిక్కిపడుతుందో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఏటి వాలున తొక్కి వచ్చినవారికి కాళ్లతో అర్థమవుతుంది.

"బస్సు లేదాండీ?"

ఎనిమిదింబావుకు చింతలపూడి. యాభై కిలోమీటర్లు. రెండు మూడు గంటలు గట్టిగా తొక్కితే ఒంట్లో దాచిన పిండి నిల్వ అడుగంటుతుంది. అప్పుడు ఇడ్లీల లెక్క ఎవరూ అడగకూడదు. హెల్మెట్లు టేబుల్ మీద పెట్టి, చెమటతో అట్టకట్టిన చొక్కాలతో టిఫిన్ సెంటర్లో కూర్చున్న ఈ మనుషుల చుట్టూ అయిదు నిమిషాల్లో జనం చేరతారు. ఏ ఊళ్లోనైనా ప్రశ్నల వరస ఒకటే.

"ఎక్కణ్ణించండీ?"

"నూజివీడు నుంచండీ."

"సైకిలు మీదే! బస్సు లేదాండీ?"

"ఉందండీ. సరదాకి."

"పందెవా? గెలిస్తే ఎంతిస్తారండీ?"

"ఏవీ ఇవ్వరండీ. మనమే కట్టాలి."

అక్కడ కాసేపు నిశ్శబ్దం. తర్వాత సైకిలు ఖరీదు అడుగుతారు. సమాధానం విన్నాక ఆ నిశ్శబ్దం ఇంకాస్త పొడవుగా ఉంటుంది.

నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఆ ప్రశ్న వెనక ఒక న్యాయం ఉంది. ఈ ఊళ్లకు సైకిలు మీద దూరం కొత్తేమీ కాదు. చీరల మూట వెనక క్యారియర్‌కు కట్టి ఊరూరూ తిరిగినవారు, పాల క్యాన్లు రెండు పక్కలా వేలాడదీసుకుని వెళ్లినవారు, ఐస్‌ఫ్రూట్ డబ్బా మోసినవారు, కల్లు లొట్లతో తాటితోపుల్లోంచి వచ్చినవారు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కారో ఏ కార్డు మీదా ముద్ర పడలేదు. వాళ్ల సైకిలే ఇరవై కిలోలు, దాని మీద బరువు వేరే. మద్రాసులో తయారైన హెర్క్యులిస్‌లు, 1956 నుంచి లూథియానాలో తయారైన హీరోలు, వాటితోపాటు అట్లాసులు ఈ మెట్ట రోడ్ల మీద రెండు తరాలను మోశాయి. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేసింది. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిల్ దినోత్సవం కూడా అదే తేదీన పడటం ఎవరూ కావాలని చేసింది కాదులెండి.

చింతలపూడి వదిలే ముందు ఇంకో తతంగం. తాము ఇక్కడిదాకా వచ్చినట్టు సాక్ష్యం కావాలి. టీ కొట్టు బిల్లు ఇవ్వదు. అందుకే మన బ్రెవెల్లో ఏటీఎం స్లిప్పుకు అంత గౌరవం: ఊరి పేరు, తేదీ, నిమిషాలతో సహా టైము, అన్నీ ఉంటాయి. ఖాతాలో ఎంతుందో గుంపులో అందరికీ తెలిసిపోవడమొక్కటే ఇబ్బంది.

ఊరి చివర బడిపిల్లలు కలుస్తారు. యూనిఫాం, క్యారియర్ మీద పుస్తకాల సంచి, గేర్లు లేని సైకిలు. రేసు సైకిలు వరస కనిపించగానే ఒక కుర్రాడు సీటు మీంచి లేచి పెడళ్ల మీద నిలబడతాడు. కిలోమీటరు దాకా వదలడు. గుంపు కెప్టెన్ తెలివైనవాడైతే వేగం కాస్త తగ్గించి ఆ కుర్రాణ్ణి ముందుకు పోనిస్తాడు.

కామవరపుకోట దారిలో పంక్చర్ కాకపోతే ఆ రోజు అసంపూర్తే. తుమ్మముల్లు చాలు. అందరూ రోడ్డు దిగి నిలబడతారు. ఒకరు చక్రం ఊడదీస్తారు, ఒకరు టైరు లోపల వేలు పెట్టి గుండ్రంగా తిప్పుతారు. ముల్లు ఇంకా అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా అయిదు నిమిషాల్లో పోతుంది మరి. అసలు చిక్కు గాలి దగ్గర వస్తుంది. రేసు సైకిలు వాల్వు అగ్గిపుల్లలా సన్నం. పెట్రోలు బంకులో గాలి గొట్టం దానికి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి మర ఒకటి మధ్యలో బిగించాలి. అది మరిచి వచ్చినవాడి లక్షన్నర సైకిలు బంకు ముందు నీడలో నిలబడి ఉండగా, పక్కనే చెట్టు కింద మెకానిక్ నీళ్ల బేసిన్‌లో ట్యూబు ముంచి, బుడగలొచ్చిన చోట వేలు అదిమి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఊది, అతుకు వేసి పంపించేస్తూ ఉంటాడు. అతని చేతిలో ఇత్తడి మర ఉండదు గానీ, ముల్లు ఎక్కడుందో అతని వేలికి ముందే తెలుసు.

గుంటుపల్లి దగ్గర అరగంట ఆగకపోతే ఈ దారి వేసుకున్నందుకు అర్థం లేదు. రెండు వేల ఏళ్లకు ముందు బౌద్ధ భిక్షువులు జీలకర్రగూడెం కొండను తొలిచి కట్టుకున్న చోటు. గుండ్రటి చైత్యం లోపలికి వెళ్లి పైకి చూస్తే రాతి కప్పుకు వాసాలు కనిపిస్తాయి. చెక్కతో గుడిసె కట్టడం తెలిసిన చేతులు రాయిలో కూడా ఆ వాసాలను మరవలేకపోయాయి. ఇక్కడో హెచ్చరిక: పెడల్‌కు పట్టే ఇనుప ముక్కలున్న బూట్లతో ఆ మెట్లెక్కితే జారి పడతారు. బూట్లు చేత్తో పట్టుకుని సాక్సులతో ఎక్కేవారే ఎక్కువ.

పైరగాలి

ద్వారకా తిరుమల చేరేసరికి ఒంటిగంట. చిన్న తిరుపతికి కాలినడకన వచ్చే భక్తులకు అలవాటైన ఊరు కాబట్టి ఇక్కడ సైకిలు గుంపును ఎవరూ వింతగా చూడరు. పెరుగన్నం, ఉప్పేసిన నిమ్మకాయ సోడా, చెట్టు కింద నలభై నిమిషాలు. అక్కడితో రోజులో సుఖం పూర్తయింది.

రెండు దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. కవులు దాన్ని పైరగాలి అని మురిసిపోయారు, వాళ్లు దానికి ఎదురుగా సైకిలు తొక్కలేదు. భీమడోలు దాకా అది ముఖం మీద కొడుతుంది. హైవే ఎక్కి ఏలూరు వైపు తిరిగాక ఎడమ భుజం మీద కొడుతుంది. పక్కగాలికి విరుగుడుగా ఒకరి వెనక ఒకరు కాకుండా ఏటవాలుగా వరస కట్టాలి. పోటీల్లో రోడ్డంతా వాళ్లదే కాబట్టి కుదురుతుంది. మన హైవే మీద తెల్లగీతకు ఇవతల ఉన్న జాగాలో ఏటవాలు ఎక్కడ కడతారు! ఎదురొచ్చే మోటారు సైకిళ్లకు కూడా ఆ జాగాయే రాజమార్గం.

ఎవరో ఒకరు చతికిలబడేది ఇక్కడే. పొద్దున ఎక్కుళ్ల మీద ముందున్నవారే చాలాసార్లు ఆఖరున ఉంటారు. కళ్లు బైర్లు కమ్ముతాయి, మాట పలచబడుతుంది, "మీరు వెళ్లండి, నేనొస్తా" అంటారు. ఆ మాట విన్నాక గుంపు ఏం చేస్తుందన్నదే రోజంతటికీ అసలు ప్రశ్న. 1921 తర్వాతి నిబంధన ప్రకారం వెళ్లిపోవచ్చు, తప్పు లేదు. దెగ్రాంజ్ పాత పద్ధతిలో ఎవరూ ముందుకు వెళ్లరు. ఈ రోడ్ల మీద, ఈ చీకటి పడే వేళ, పాత పద్ధతే సరైనది. రెండు అరటిపండ్లు, ఒక పల్లీ ఉండ, ఇరవై నిమిషాలు: మనిషి మళ్లీ మనిషవుతాడు. అతన్ని గుంపు మధ్యలో పెట్టుకుని, గాలి తగలకుండా, అతను తొక్కగలిగిన వేగానికే అందరూ దిగుతారు. గంటకు పదిహేను కిలోమీటర్లు చాలు గడువు దక్కడానికి. పొద్దున పౌరుషంగా సంపాదించిన నిమిషాలన్నీ ఇలా ఖర్చు పెట్టడానికే.

ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ రహదారి ఈ మెట్ట ప్రాంతం మీదుగానే వెళ్తుంది. అలాంటి రోడ్లు వేగంగా పోయే వాహనాల కోసమే, సైకిలుకు చోటుండదు. కాబట్టి లారీలు అటు మళ్లితే పాత రోడ్లు సైకిళ్లకు మిగులుతాయని ఆశపడవచ్చు. మిగిలిన రోడ్ల అంచున రెండడుగుల తారు గట్టిగా వేయిస్తే చాలు. బడికెళ్లే పిల్లలకూ, పాలవాళ్లకూ, ఈ రెండొందల వాళ్లకూ అదే ట్రాక్.

హనుమాన్ జంక్షన్‌లో ఆఖరి టీ. పొద్దు వాలే వేళ. అక్కణ్ణించి నూజివీడుకు ఇంకో పాతిక కిలోమీటర్లు, మళ్లీ మామిడి తోటల మధ్య నుంచే. మాటలు ఉండవు. చైను శబ్దం, ముందువాడి ఎర్ర దీపం. పొద్దున్నే తగిలిన పూత వాసన చీకట్లో మళ్లీ తగులుతుంది, ఈసారి దగ్గరగా.

ఆ పూత రోజుల్లో ఏ ఆదివారమైనా, చీకటి పడే వేళ, మీరు ఆ రోడ్డు మీద కారులో వెళ్తుంటే ముందు ఎర్ర దీపాల వరస కనిపించవచ్చు. హారన్ కొట్టకండి, ఉలిక్కిపడి పక్కకు తూలుతారు. హెడ్‌లైట్ దించండి. ఒకటిన్నర మీటరు దూరం వదిలి, చివరివారిని కూడా దాటాకే ఎడమకు రండి. ఆ చివరనున్నవారు పొద్దుటి నుంచి పదమూడు గంటలుగా తొక్కుతున్నారు.